కుళాయిలో లోపం లేదు

కరెంటు పెట్టె మూత ఒక పట్టాన రాలేదు. అర్మోగం స్క్రూడ్రైవరు మొన అంచులో దూర్చి రెండుసార్లు మెలిపెట్టాడు. వెండిరంగు పెయింటు పెచ్చులుగా లేచి బూట్ల మీద రాలింది. పెయింటు కింద ఇనుము ఉండాల్సిన చోట ఎర్రటి పొడి ఉంది. మూడోసారి గట్టిగా లాగేసరికి మూత బందులతో సహా ఊడి చేతిలోకి వచ్చేసింది.

ఆ వెండిరంగు వేసింది తనే. పోయిన ఏడాది మార్చిలో, ఒక శుక్రవారం మధ్యాహ్నం. బడి హాస్టలు పిల్లలు ఇళ్లకు వెళ్లిపోయారు. సవుసవు టౌనుకి వెళ్లే ఆఖరి బస్సుకి ఇంకా గంట ఉంది. ఒక బ్రేకరు మార్చి, తుప్పు మీద గరుకు కాగితం పైపైన రుద్ది, రెండు పూతలు పూసి వెళ్లిపోయాడు. ఆ రోజుకి బాగానే మెరిసింది.

వంటశాల వెనక గోడ సముద్రానికి ఎదురుగా ఉంటుంది. పోటు వేళ అలల తుంపర నేరుగా దాని మీదే పడుతుంది. పెట్టె లోపల ఉప్పు తెల్లగా పేరుకుంది. ఒక మూల రెండు బల్లి గుడ్లు. న్యూట్రల్ వైర్లన్నీ వచ్చి కలిసే ఇత్తడి పట్టీ చిలుము పట్టి పచ్చగా, ఉబ్బిపోయి ఉంది. ఆఫీసు గదిలోని మెయిన్ కట్టేసి వచ్చాడు కాబట్టి భయం లేదు. పట్టీలోకి దిగిన లావుపాటి వైరుని కొద్దిగా కదిపాడు. నల్లబడిన పోగులు పటపట విరిగాయి. నాలుగైదు పోగులే ఇంకా పట్టుకుని ఉన్నాయి.

అర్మోగం ఒక స్క్రూ పైకి తీశాడు. మర ఉందా అరిగిపోయిందా అని చూడటానికి దాన్ని పై పెదవికి ఆనించి నెమ్మదిగా తిప్పాడు. రెండేళ్లుగా అదే అలవాటు. ఎవరైనా చూస్తే మీసం దువ్వుకుంటున్నాడనుకుంటారు.

"ఏం అన్నయ్యా, మళ్లీ రంగేస్తావా?" వెనక నుంచి గొంతు వినిపించింది. "ఈసారి ఆకుపచ్చ వెయ్యి. చెట్లలో కలిసిపోతుంది, ఎవరికీ కనపడదు."

వంటమనిషి విలిమైనా రెండు చేతుల్లో రెండు బకెట్లతో నిలబడి ఉంది. బడి పిల్లలందరికీ ఆమె బూబూ వీలీ. బూబూ అంటే అమ్మమ్మ. అలా పిలిపించుకోవడానికి తగిన వయసు ఇంకా రాలేదు గాని, పిలిపించుకోవడం ఆమెకి ఇష్టమే. పూల లుంగీ మోకాళ్ల దాకా ఎగదోపుకుంది. తడి మట్టిలో ఉత్త పాదాలు.

"కుళాయి ఉండగా ఈ మోత ఏంటి వీలీ?"

"ఉంది. లోపలికి వెళ్లి చూడు. దాని మీద నీ కాగితం కూడా ఉంది."

వంటశాలలో పొయ్యి మీద కర్రపెండలం ఉడుకుతోంది. కొబ్బరిపాలలో చేమాకు వేసిన గిన్నె పక్కన దించి ఉంది. మూల సిమెంటు తొట్టి, దాని మీద కుళాయి. కుళాయి పిడికి పాత సైకిలు ట్యూబు ముక్క గట్టిగా చుట్టి మూడు ముళ్లు వేసి ఉంది. సరిగ్గా దాని పైన, గోడకి నాలుగు మేకులతో ఒక కాగితం. పొగకీ ఆవిరికీ గోధుమరంగుకి తిరిగింది. అయినా అక్షరాలు కనిపిస్తున్నాయి. 'కుళాయి తాకి చూశాను. తొట్టి, వైరింగు పరిశీలించాను. ఎలాంటి లోపమూ లేదు.' కింద తన సంతకం, లైసెన్సు నంబరు.

"ఇక్కడ ఎవరు పెట్టారిది?"

"ఇసిరేలి మాస్టరు. నేను కుళాయి కొరుకుతోందన్నప్పుడల్లా, తలెత్తి చదువు వీలీ అంటాడు. పద్నాలుగు నెలలుగా చదువుతున్నాను. నీ చేతిరాత బావుంటుంది."

ఆమె బకెట్ల నీళ్లు పెద్ద గిన్నెలో పోసింది. పోస్తూనే మాట్లాడింది. వాన నీళ్ల ట్యాంకు ఎక్కడో డార్మిటరీ చివర ఉంది, పొద్దున నలభై బకెట్లు, సాయంత్రం నలభై. గిన్నెలు తోమడం ఆలస్యం. భోజనం ఆలస్యం. పిల్లలు చదువుకి కూర్చోవడం ఆలస్యం. తల్లిదండ్రులు అడిగితే, వంటావిడకి దయ్యం భయం పట్టుకుందని మాస్టరు చెబుతున్నాడు. ఈ వంటశాలలో ఇంతకుముందు వండిన ముసలావిడ పోయింది కదా, ఆవిడే కుళాయిలో కూర్చుందని పిల్లలు కథలు కట్టారు.

"నేను దయ్యం అనలేదు అన్నయ్యా. కొరుకుతోంది అన్నాను. మూడు వారాల కిందట మెరేసీ, అయిదో క్లాసు పిల్ల, గ్లాసు కడుక్కుందామని వచ్చి పిడి పట్టుకుంది. పట్టుకున్నది వదల్లేకపోయింది. నేను చీపురు కర్రతో చేతి మీద కొడితే ఊడి వెనక్కి పడింది. తడి నేల కదా, జారి ఉంటుంది అన్నారు. ఆ రోజే ఈ ట్యూబు కట్టాను."

అర్మోగం కత్తి తీసి, "కొయ్యనా?" అని అడిగాడు.

ఆమె కాసేపు అతని మొహం చూసింది. "కొయ్యి. కానీ తాకకు."

పెట్టె దగ్గరకెళ్లి, మిగిలిన ఆ నాలుగు పోగుల్నే మళ్లీ పట్టీకి ఆనించి బిగించాడు. ఆఫీసుకెళ్లి మెయిన్ వేసి వచ్చాడు. బయట తడి మట్టిలో ఒక ఇనుప కడ్డీ దిగగొట్టి, మీటరు ఒక కొస దానికి, ఇంకో కొస కుళాయికి క్లిప్పుతో తగిలించాడు. మూడు వోల్టులు చూపించింది.

"చూశావా, చిన్నదే," అన్నాడు.

"బాయిలర్లు వెయ్యలేదుగా." వీలీ వెళ్లి, టీ కాచే రెండు పెద్ద బాయిలర్ల స్విచ్చులు ఒకదాని తర్వాత ఒకటి వేసింది. పైన ట్యూబులైటు గుడ్డిదయింది. "ఆ రోజు కూడా చెప్పాను నీకు. సోమవారం పిల్లలొచ్చాక రెండూ వేసి చూడమన్నాను. బస్సుకి టైమైపోతోందన్నావు."

మీటరులో అంకె ముప్ఫై దాటింది, నలభై దాటింది. యాభై ఎనిమిది దగ్గర ఆగింది.

"ఎంత?" అంది.

"యాభై ఎనిమిది."

"ఎంత ఉండాలి?"

"ఏమీ ఉండకూడదు."

అర్మోగం గబగబా వెళ్లి స్విచ్చులు కట్టేశాడు. ఆఫీసులో మెయిన్ కూడా కట్టేసి, దాని మీద ఎర్ర అట్ట తగిలించి వచ్చాడు. ఇప్పుడామె తిడుతుందనుకున్నాడు. పొద్దున్నుంచీ ఆ గొంతులో ఎగతాళి ఉంది కదా, ఇప్పుడు దానికి అదను దొరికిందనుకున్నాడు. వచ్చేసరికి వీలీ బోర్లించిన చేపల డబ్బా మీద కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది.

"మెరేసీకి చెప్పాలి," అంది. "అది రాత్రిళ్లు దుప్పటి ముసుగు తీయట్లేదు. దయ్యం కాదు, వైరు అని చెప్పాలి. నువ్వు చెబితే నమ్ముతుంది."

"చెబుతాను."

"ఎందుకొచ్చింది అసలు?"

అతను పక్కనే గొంతుక్కూచున్నాడు. "వచ్చిన కరెంటు తిరిగి వెళ్లాలి. వెళ్లే దారి ఆ పట్టీ. దాన్ని ఉప్పు తినేసింది. దారి మూసుకుపోతే ఎర్తు వైరెమ్మట పైపుల్లోకి వెళ్లి, భూమిలోంచి పోవాలని చూస్తుంది. తడి నేల మీద ఉత్త కాళ్లతో నిలబడి కుళాయి పట్టుకున్నవాళ్లు దానికి దారి అవుతారు. బాయిలర్లు వేస్తే ఎక్కువ వస్తుంది, లేకపోతే తెలియదు."

"మాస్టరుకి ఎప్పుడూ తగల్లేదే?"

"ఆయనకి బూట్లుంటాయి."

"నువ్వు కూడా ఆ రోజు ముట్టుకున్నావు. చెయ్యి తిప్పి, వేళ్ల వెనక వైపుతో. నేను ఇక్కడే నిలబడి చూశాను."

"నాకూ బూట్లు," అన్నాడు అర్మోగం.

ఆమె అతని బూట్ల వైపు చూసింది. తర్వాత మొహం వైపు చూసింది. "ఊఁ," అని లేచి కర్రపెండలం కుండ దించింది. ఒక పళ్లెంలో రెండు ముక్కలు, గరిటెడు చేమాకు వేసి అతని ముందు పెట్టింది. మిరపకాయ ఒకటి పక్కన పెట్టింది. అర్మోగం తిన్నాడు గాని రుచి తెలియలేదు. తను చెప్పింది అబద్ధం కాదు. కానీ సగమే చెప్పానని అతనికి తెలుసు.

ఇసిరేలి మాస్టరు గదిలో ఫ్యాను తిరగడం లేదు. ఆయన నోటుపుస్తకంతో విసురుకుంటూ అంతా విన్నాడు. చెడ్డవాడు కాదు. నూట పాతిక మంది పిల్లలు, తొమ్మిది మంది టీచర్లు, కారే కప్పు, అన్నిటికీ ఈ హెడ్మాస్టరు ఒక్కడే. కళ్ల కింద నల్లగా ఉంది.

"మార్చేద్దాం," అన్నాడు. "కొత్త పెట్టె తెచ్చి పెట్టండి. ఎంత త్వరగా అయితే అంత మంచిది."

"ఎల్లుండికి అవుతుంది మాస్టారూ. అంతవరకూ బయట కట్టెల పొయ్యి మీద వండమనండి."

"చెబుతాను." మాస్టరు సొరుగు తెరిచి ఒక ఉత్తరం తీశాడు. మళ్లీ లోపల పెట్టాడు. "ఒక మాట. బుధవారం సాయంత్రం కమిటీ మీటింగు ఉంది. విలిమైనా సంగతి ఆ రోజు తేలుస్తారు. వచ్చే టర్ము నుంచి ఇంకొకావిడని పెట్టుకుందామని దాదాపు ఖాయం చేశాం. ఆవిడకి నోటీసు కూడా ఇచ్చాను."

"నోటీసా? ఎందుకు?"

"పని నిరాకరిస్తోంది, పిల్లల్ని భయపెడుతోంది అని. దానికి మీ రిపోర్టు జత చేశాం."

అర్మోగం టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఆ రిపోర్టు తప్పు మాస్టారూ."

"అప్పుడు తప్పు కాదేమో. ఏడాదిలో పాడై ఉండొచ్చు. సముద్రం పక్క కదా." మాస్టరు గొంతు తగ్గించాడు. "నేను మీ మంచికే చెబుతున్నాను. పెట్టె మార్చానని, అంతా సవ్యంగా ఉందని కొత్త కాగితం ఇవ్వండి. పాతది నేనే తీసేస్తాను. ఆవిణ్ణి కూడా వేరే చోట, తోట పనిలో సర్దుబాటు చేద్దాం. ఎవరికీ మాట రాదు. కొత్త డార్మిటరీ వైరింగు ఎలాగూ మీదే. లైసెన్సు ఉన్న మనిషి తన రిపోర్టు తనే తప్పన్నాడని ఊరంతా తెలిస్తే, రేపు మిమ్మల్ని ఎవరు పిలుస్తారు?"

బస్సులో ఇంటికి వెళుతున్నంతసేపూ అర్మోగం కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. మాస్టరు అన్నదాంట్లో ఒక మాట ముల్లులా గుచ్చుకుంది. అప్పుడు తప్పు కాదేమో. ఆ శుక్రవారం ఆ పట్టీ ఎలా ఉందో అతనికి గుర్తుంది. పచ్చగానే ఉంది. స్క్రూలు బిగించి చూడాలి, చూడలేదు. కుళాయి ముట్టుకున్నాడు. ఏమీ తెలియలేదు. తెలియకపోవడం మామూలే, అప్పటికే పది నెలలుగా వేళ్ల చివర్లలో ఏమీ తెలియడం లేదు. షుగరు క్లినిక్కులో నర్సు లిత్యా చెప్పింది కూడా, చేతులూ కాళ్లూ రోజూ చూసుకోవాలి అని. ఆ తర్వాత అతను క్లినిక్కుకి వెళ్లలేదు. చేతులతో బతికేవాడు చేతులు పనిచెయ్యడం లేదని ఎవరితో చెప్పుకుంటాడు.

మంగళవారం సవుసవులో మూడు కొట్లు తిరిగి ప్లాస్టిక్కు పెట్టె తెచ్చాడు. మూతకి చుట్టూ రబ్బరు, వైర్లు కింద నుంచే లోపలికి వెళ్లేలా బెజ్జాలు. కొత్త ఇత్తడి పట్టీ, రాగి కడ్డీ. కొట్టువాడు చిల్లర చేతిలో పెడితే రెండు నాణేలు జారి కింద పడ్డాయి. "పెద్దాయనా, పొద్దున్నే పుచ్చుకున్నావా?" అని నవ్వాడు వాడు. అర్మోగం కూడా నవ్వాడు.

బుధవారం ఏడింటికే పనిలో దిగాడు. పాత పెట్టెని గోడ నుంచి విడగొట్టడానికే గంట పట్టింది. మేకులన్నీ గోడలోనే కరిగిపోయినట్టున్నాయి. సుత్తి దెబ్బకి పెట్టె నాలుగు ముక్కలై, స్క్రూలూ తుప్పు పెళ్లలూ చుట్టూ చెల్లాచెదురయ్యాయి. వీలీ రెండు గజాల దూరంలో కట్టెల పొయ్యి పెట్టుకుని పప్పు వండుతోంది. పొగ ఇటు వచ్చినప్పుడల్లా, "నీ సముద్రాన్ని అటు తిరగమను," అంటోంది.

లావు వైరుని నల్లబడినంత మేరా కోసుకుంటూ వెళ్లాడు. జానెడు కోశాక గాని లోపల ఎర్రగా మెరిసే రాగి కనిపించలేదు. పోగులు విడదీసి, గరుకు కాగితంతో తుడిచి, మెలిపెట్టి కొత్త పట్టీలో దించాడు. స్క్రూ బిగించాడు. లాగి చూశాడు. మళ్లీ బిగించాడు. చిన్న స్క్రూ ఒకటి వేళ్ల మధ్య నుంచి జారిపోయింది. వంగి వెతికాడు, దొరకలేదు. ఇంకొకటి జారింది.

వీలీ గరిటె పక్కన పెట్టి వచ్చింది. మట్టిలోంచి రెండు స్క్రూలూ ఏరి, లుంగీకి తుడిచి, అరచేతిలో పెట్టుకుని నిలబడింది. అతను ఒకటి తీసుకున్నాడు. అలవాటుగా పెదవి దాకా తీసుకువెళ్లి ఆగిపోయాడు.

"కానీ," అంది ఆమె. "మొన్న కూడా చూశాను. మా పిన్ని ఇలాగే చేసేది, సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు. షుగరు ఆవిడకి."

అర్మోగం స్క్రూ పెదవికి ఆనించాడు. మర బాగానే ఉంది. బిగించాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండేళ్లు."

ఆమె లెక్క వేసుకోవడం అతనికి తెలుస్తూనే ఉంది. పద్నాలుగు నెలలు రెండేళ్లలోకి వస్తాయి. అతను తల ఎత్తలేదు. ఆమె అరచెయ్యి ఇంకాస్త ముందుకు చాపింది. "రెండోది తీసుకో. చెయ్యి నొప్పెడుతోంది పట్టుకుని."

మీటింగు మామిడిచెట్టు కింద, చాపల మీద. మధ్యలో యాంగోనా వేరు పొడి కలిపిన నీళ్ల గిన్నె. కమిటీ పెద్ద జైనుల్ భాయ్ కొబ్బరి చిప్ప అందుకుని, తాగి, మూతి తుడుచుకుని, కాగితాలు తెరిచాడు. పక్కన ఇసిరేలి మాస్టరు. మిగతా అయిదుగురూ తోటల్లోంచి నేరుగా వచ్చారు, కొందరి కాళ్లకి ఇంకా మట్టి ఉంది. వీలీని పిలిచారు గాని ఆమె చాప మీదకి రాలేదు. చెట్టు మొదట్లో కూర్చుంది.

"కరెంటు పని అయిందని మాస్టరు చెప్పారు," అన్నాడు జైనుల్ భాయ్. "సంతోషం. అర్మోగం భాయ్, కాగితం ఇచ్చేస్తే ఆ సంగతి ముగిద్దాం. తర్వాత వంటావిడ విషయం."

"రెండూ ఒకటే విషయం," అన్నాడు అర్మోగం.

గోడ మీంచి ఊడదీసిన గోధుమరంగు కాగితం జేబులోంచి తీసి చాప మీద పరిచాడు. నాలుగు మూలలా మేకుల బెజ్జాలు.

"ఇది నేను రాసింది. మీరు ఆవిడకి ఇచ్చిన నోటీసుకి దీన్ని జత చేశారు. ఇది తప్పు. ఆ రోజు నేను బాయిలర్లు వెయ్యలేదు. పట్టీ బిగించి చూడలేదు. ఆవిడ చెప్పింది, నేను వినలేదు. కుళాయిలో యాభై ఎనిమిది వోల్టులుంది. మెరేసీ జారిపడలేదు. ఇంకాసేపు పట్టుకుని ఉంటే పోయేది. ఆవిడ చీపురు కర్రతో కొట్టింది కాబట్టి బతికింది."

గిన్నె కలిపే అతను కలపడం ఆపాడు.

"కానీ నువ్వు కుళాయి తాకి చూశావని ఇందులో ఉందే," అన్నాడు జైనుల్ భాయ్, వేలు ఆ వరుస మీద పెట్టి.

"తాకాను."

"మరి నీకు తగల్లేదా?"

"నాకు తెలియదు." అర్మోగం రెండు చేతులూ ముందుకు చాపి, చూపించి, మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాడు. "ఈ వేళ్లకి ఏమీ తెలియదు. చలీ, వేడీ, కరెంటూ. అప్పటికే తెలియడం లేదు. ఆ మాట ఆ రోజు రాయలేదు. రాస్తే ఇంకెవరూ పని ఇవ్వరని."

మాస్టరు తల వంచుకుని నోటుపుస్తకం అట్టని గోటితో గీకుతున్నాడు. "నేనూ ఒకసారి తాకాను," అన్నాడు. "బూట్లతో. ఆవిడ విప్పి తాకమంది. నవ్వాను."

జైనుల్ భాయ్ నోటీసు కాగితం తీసి రెండుగా మడిచాడు, నాలుగుగా మడిచాడు, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చెట్టు వైపు తిరిగి అన్నాడు, "విలిమైనా, నోటీసు వెనక్కి తీసుకుంటున్నాం. మా వల్ల తప్పు జరిగింది. నువ్వేమైనా చెప్పాలా?"

వీలీ లేచి లుంగీ దులుపుకుంది. "చెప్పాల్సింది పద్నాలుగు నెలలు చెప్పాను," అంది. "ఇప్పుడు పప్పు మాడుతుంది." వెళ్లిపోయింది.

వెళ్లేముందు అర్మోగం డార్మిటరీ మెట్ల దగ్గర మెరేసీని కూర్చోబెట్టి, కర్రపుల్లతో నేల మీద గీత గీసి, కరెంటు ఎలా వస్తుందో ఎలా పోతుందో చెప్పాడు. ఆ పిల్ల శ్రద్ధగా విని, "అయితే ముసలమ్మ లేదా?" అని అడిగింది. లేదన్నాడు. "మరి నన్ను ఎవరు పట్టుకున్నారు?" అంది. "నేను," అన్నాడు అర్మోగం. ఆ పిల్లకి అర్థం కాలేదు. అయినా నవ్వింది.

గురువారం పొద్దున రాగి కడ్డీ భూమిలోకి దిగ్గొట్టడం, దానికి ఎర్తు వైరు బిగించడం పూర్తి చేశాడు. పెట్టె మూత వేశాడు, రబ్బరు చుట్టూ సరిగా కూర్చుందో లేదో ఎండకి ఎదురుగా కన్ను పెట్టి చూశాడు. మెయిన్ వేశాడు. రెండు బాయిలర్లూ వేశాడు. ట్యూబులైటు కదల్లేదు. మీటరు కుళాయికి తగిలించి వీలీని పిలిచాడు.

"సున్నా," అన్నాడు.

ఆమె వంగి అంకె చూసింది. తొట్టికి మూరెడు దూరంలోనే నిలబడింది. "మీటరుకి బూట్లున్నాయేమో," అంది. నవ్వుతూనే అంది గాని చెయ్యి లుంగీ మడతల్లోంచి బయటికి రాలేదు. ఇంకో రెండు బకెట్లు తెస్తానంటూ గుమ్మం వైపు తిరిగింది.

అర్మోగానికి ఏం చెయ్యాలో తోచలేదు. తను తాకి చూపించినా ప్రయోజనం లేదని ఇద్దరికీ తెలుసు. తన చేతికి సాక్ష్యం చెప్పే అర్హత పోయింది. అయినా ఏదో ఒకటి చెయ్యాలి. గుమ్మంలో కూర్చుని బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావు?"

"నువ్వు తాకేటప్పుడు పక్కన నిలబడతాను. ఉత్త కాళ్లతో, ఈ తడిలోనే. నాకు తెలియకపోయినా, తగిలితే ఇద్దరికీ తగులుతుంది."

ఎడమ బూటు విప్పాడు. కుడి బూటు లాగాడు. మేజోడు రాలేదు. కాలికి అతుక్కుపోయినట్టు ఉంది. ఇంకాస్త లాగి తీసి, లేచి నిలబడి, రెండడుగులు లోపలికి వేశాడు.

"ఆగు," అంది వీలీ.

తడి సిమెంటు మీద అతని కుడి అడుగు పడిన చోటల్లా ఎర్రగా ఉంది.

అతను కిందకి చూసుకుని తెల్లబోయాడు. "ఎక్కడిదిది?"

"కూర్చో. కూర్చో అంటున్నాను." భుజం పట్టి చేపల డబ్బా మీదకి నొక్కింది. మోకాళ్ల మీద కూర్చుని అతని పాదం ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. మడమకి కొంచెం ముందు, తుప్పు పట్టిన స్క్రూ ఒకటి, బూటు అడుగులోంచి దిగి, తల విరిగి, మాంసంలోనే ఉండిపోయింది. నిన్నటి పాత పెట్టెది కాబోలు. చుట్టూ వాచి నీలంగా ఉంది. నిన్న పొద్దున్నుంచీ అతను దాని మీదే నడిచాడు. మీటింగుకి నడిచాడు, బస్సు దాకా నడిచాడు, ఇవాళ మళ్లీ వచ్చాడు.

"నొప్పి లేదు," అన్నాడు అర్మోగం, ఆమెకి ధైర్యం చెబుతున్నట్టు.

"అదే కదా గోల," అంది వీలీ.

గుమ్మంలోంచి తొంగి చూస్తున్న టీచరమ్మని నర్సు లిత్యా కోసం పంపింది. లేచి గిన్నె అందుకుంది. తొట్టి దగ్గరకి వెళ్లి కుళాయి పిడి పట్టుకుని తిప్పింది. చాలా రోజులుగా మూసి ఉండటంతో మొదట ఎర్రటి నీళ్లొచ్చాయి. అవి పారబోసి, తేటనీళ్లు వచ్చేదాకా అలాగే పిడి మీద చెయ్యి ఉంచి, ఇంకో చేత్తో ధార చూస్తూ నిలబడింది. గిన్నె నిండింది. ఉప్పు వేసి కలిపింది. తెచ్చి అతని కాలు అందులో పెట్టింది.

అర్మోగం కుళాయి వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. తను కుళాయి పట్టుకున్న సంగతి ఆమె గమనించనేలేదు.

"చల్లగా ఉన్నాయా?" అంది, వేళ్లతో గాయం చుట్టూ మెల్లగా రుద్దుతూ.

"తెలియట్లేదు."

"చల్లగా ఉన్నాయి," అంది వీలీ. "నేను చెబుతున్నాగా. కదలకు."